పిడికిట్లో ఇనుము

నొక్కుతున్నాను. చేతిమీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఒంట్లో ఉన్న బరువంతా నీ రొమ్ము నడిమధ్యలోకి దింపుతున్నాను, లేస్తున్నాను, మళ్ళీ దింపుతున్నాను. నీ వీపు కింద నలిగిన టమోటాలు పిచపిచమంటున్నాయి. ఆ ఎరుపు నీ చొక్కాకు పాకుతుంటే చూసినవాళ్ళు నెత్తురనుకుని వెనక్కి తగ్గుతున్నారు. నెత్తురు కాదప్పా ఇది. నెత్తురైతే కొంగు చించి కట్టేదాన్ని, ఎక్కణ్ణుంచి పోతోందో కనపడేది, అక్కడ వేలు పెట్టి ఆపేదాన్ని. ఇది ఎక్కడా చిల్లు పడకుండానే మనిషి కారిపోవడం. ఇందాకటిదాకా పత్తికొండ మార్కెట్లో, రామకోటయ్య శెట్టి మండీ ముందర, లారీమీదికి క్రేట్లు అందిస్తూ, నీ జతగాడు మద్దిలేటిని ‘ఏమప్పా, రాత్రి తిన్న సంగటి యాడికి పాయ, చేతులు పైకి లెయ్యవే’ అని ఎగతాళి చేస్తున్న నువ్వు, నా మొగుడివి, నా ఏసేపువి, చేతిలో క్రేటుతోనే నిలువునా కూలిపోయావు. నేను తూకం బల్ల దగ్గర చీటీలు రాస్తున్నాను. ‘మహిమా, మీ ఆయన పడిపాయ’ అన్న కేక విని తలెత్తితే నువ్వు లేవు, నువ్వుండాల్సిన చోట లారీ పక్క చెక్క ఉంది, దానిమీద ఎండ పడుతోంది.

అప్పుడే నొక్కి ఉంటే. పడగానే నొక్కి ఉంటే. నీ కాళ్ళు కొట్టుకున్నాయి, కళ్ళు పైకి పోయాయి, ఎవరో ‘ఫిట్సు, ఫిట్సు’ అన్నారు, అందరూ ఆ మాటే పట్టుకున్నారు, నేనూ పట్టుకున్నాను, ఎందుకంటే ఫిట్సయితే మనిషి లేస్తాడు, కాసేపటికి లేచి సిగ్గుపడుతూ నీళ్ళడుగుతాడు. ‘ఇనుము తేండప్పా, చేతికి ఇనుమియ్యండి!’ అని టమోటాలేరే ముసలామె అరిచింది. రామకోటయ్య శెట్టి గల్లాపెట్టె వదిలి పరుగున వచ్చాడు, డెబ్బై దాటిన మనిషి, మొలకు దోపుకున్న తాళాల గుత్తి లాగి, ఆ బురదలో మోకాళ్ళూని, నీ అరచేతిలో పెట్టి నీ వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. కూలి ఇచ్చేటప్పుడు నీ చేతికి తన చెయ్యి తగలకుండా పైనుంచి జారవిడిచే మనిషి. నీ వేళ్ళు నిలవలేదు. మడిచినకొద్దీ విచ్చుకున్నాయి, రెండేసి క్రేట్లు ఒక్క ఊపులో లేపే వేళ్ళు, చంటిబిడ్డ వేళ్ళలాగా. ‘పట్టుకో నాయనా, పట్టుకో’ అని శెట్టి బతిమాలాడు. చివరికి భుజంమీది తువ్వాలు తీసి నీ పిడికిలి చుట్టూ తిప్పి ముడేశాడు, ఇనుము జారిపోకుండా. నేను నీ తల ఒళ్ళో పెట్టుకుని ఆ ముడివైపే చూస్తూ కూర్చున్నాను. డిగ్రీ చదివినదాన్ని. మా చిన్నమ్మకు ఇలాగే కొడవలి ఇచ్చేవాళ్ళు, ఆమె లేచేది. నువ్వూ లేస్తావనుకున్నాను. నీ నోట్లోంచి లవంగం వాసన వస్తోంది. పొద్దున దవడ లాగుతోందన్నావు, పన్నేమో అన్నాను, లవంగం పెట్టుకోమని నేనే ఇచ్చాను.

‘ఊపిరుండాదిలేమ్మా, సూడు, గురక పెడతాండాడు’ అని ఎవరో నా భుజం తట్టారు. ఆ గురకే నన్ను లేపింది. అది గురక కాదు. నోరు తెరుచుకుని గాలిని కొరికి మళ్ళీ మరిచిపోతున్నావు. ఒడ్డున పడేసిన చేప నోరు తెరుస్తుంది చూడండి, అలాగ తెరుస్తారు, అది ఊపిరనుకుని మోసపోవద్దండి, పిలిచినా పలక్క, ఊపిరి సరిగ్గా లేకపోతే చాలు, ఇంకేమీ చూడొద్దు, రొమ్ముమీద నొక్కడం మొదలుపెట్టండి. ఎవరిదా మాట? కిటికీలోంచి విన్న మాట. ఆ పెట్టె వచ్చిన రోజున కర్నూలు నుంచి వచ్చిన సుప్రజ అనే అమ్మాయి మాట. గుండె ఆగినవాళ్ళకు వాడమని బెంగళూరు నుంచి ఎవరో దాతలు మార్కెట్‌కు ఇచ్చిన గుండె పెట్టె అది. ఆ అమ్మాయి వ్యాపారుల సంఘం ఆఫీసులో బల్లమీద మొండెం బొమ్మను పడుకోబెట్టి చూపించింది. లోపల కుర్చీల్లో శెట్లు, ఫ్యాను కింద. మనం బయట, కిటికీ చువ్వలు పట్టుకుని. చదువు రాకపోయినా వాడొచ్చు, ఎవరైనా వాడొచ్చు, మూత తెరిస్తే అదే మాట్లాడుతుంది, అది చెప్పినట్టు చేస్తే చాలు, తప్పు చేస్తామేమోనని ఆగొద్దు, గుండె ఆగినవాణ్ణి ఇంతకంటే ఏం చంపుతారు మీరు, అంది. లోపల అందరూ నవ్వారు. నువ్వు నా చెవిలో ‘శెట్ల గుండె ఆగితే తీసే పెట్టె మే ఇది, మన గుండె మోసేదానికే’ అన్నావు. నేను నీ నడుమ్మీద గిల్లాను, సరిగ్గా విననీయలేదని. ఆమె ఇంకేదో చెప్పింది ఆ గడియలో. ఏం చెప్పింది? నువ్వు జోకు వేసేటప్పుడు ఆ అమ్మాయి ఏం చెప్పింది? అది తెలియకుండానే నొక్కుతున్నాను, సగం విన్నదాంతో నిన్ను పట్టుకుని ఉన్నాను.

‘పెట్టె! ఆఫీసు గోడకుండే పెట్టె తేండి!’ అని అరిచాను. అరిచానో, లోపల అనుకున్నానో. మద్దిలేటి పరిగెత్తాడు. పెట్టె అక్కడే ఉంది, తెల్లగా, అద్దంలోంచి పచ్చదీపం మిణుకుమంటూ, కానీ దాని చుట్టూ ఇనుపజాలీ ఉంది. గోడకు మేకులేసి తగిలిస్తే ఎవడన్నా ఎత్తుకుపోతాడని, హమాలీలు చేతులు పెడతారని, సంఘమోళ్ళు వెల్డింగు షాపులో పంజరం చేయించి, పెద్ద తాళం వేసి పెట్టారు. ఆయుధపూజ నాడు కాటాలకు, తూకం రాళ్ళకు పెట్టినట్టే దానికీ పసుపు కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు. ఆ దండ ఎండి పీచై ఇప్పటికీ వేలాడుతోంది. ‘తాళంచెవి యాడ శెట్టీ?’ ‘ఇంట్లో ఉండాదప్పా, దేవుని పటం ఎనకాల! రాఘవేంద్రా, పో నాయనా, బండి తీసుకోని పో, అమ్మనడుగు!’ శెట్టి కొడుకు స్కూటరు మోత దూరమైపోయింది. ఠంగ్, ఠంగ్ అని మొదలైంది, తూకం రాయి పెట్టి తాళాన్ని కొడుతున్నారు. శెట్లు కొనే తాళం, అంత సులువుగా ఊడుతుందా. నూటెనిమిదికి చేశామమ్మా, వస్తాందంట, అని ఎవరో అన్నారు. యాడుండాది? వస్తాందంట. నీ పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. ఠంగ్. నొక్కు. ఠంగ్. నొక్కు. ఆ ఠంగుల మధ్యలో ఇంకో చప్పుడు ఉంది, సన్నగా, నేను కిందికి దిగినప్పుడల్లా గల్లుమని, లేచినప్పుడల్లా మళ్ళీ గల్లుమని.

నా గాజులేమో. గాజులే అయ్యుంటాయి. నొక్కుతున్నాను, గల్లు, లేస్తున్నాను, గల్లు. ఈ చప్పుడు నాకు తెలుసు, ఎద్దుల మెడపట్టీలు ఇలాగే మోగేవి, ఆలూరు పక్కన మా ఊళ్ళో, మా నాయన వేరుశెనగ చేలోకి తోలుకుపోతుంటే. మూడు ఫేజుల కరెంటు తెల్లారుజామున వచ్చేది ఆ రోజుల్లో. కరెంటొచ్చిందంటే ఊరు ఊరంతా బోర్లకాడికి ఉరికేది. మా నాయన తడికాళ్ళతోనే స్టార్టరు డబ్బా మూత తెరిచాడు. నేను గట్టుమీద సద్దిగిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. నాయన అరవలేదు. డబ్బాను కౌగిలించుకున్నట్టు నిలబడి వణికాడు. ఎద్దులు బెదిరి గల్లుగల్లుమన్నాయి. నేను నాయన దగ్గరికి ఉరుకుతుంటే పక్క చేనాయన నన్ను నడుం దగ్గర వాటేసుకుని ఎత్తేశాడు, ‘ముట్టుకోవద్దు పాపా, ముట్టుకుంటే నువ్వూ పోతావు’. ఎవరో ఎండుకట్టెతో కొట్టి విడిపించారు. నాయన చాలులో వెల్లకిలా పడ్డాడు. అంతవరకూ సరే, అంతవరకూ వాళ్ళు చేసింది సరే. ఆ తర్వాత కూడా ఎవరూ ముట్టుకోలేదు. ఒంట్లో కరెంటు ఇంకా ఉంటాది, భూమి లాక్కోవాల అన్నారు. తడిమట్టి పారతో ఎత్తి ఎత్తి మెడదాకా కప్పారు. మా నాయన నోరు తెరుస్తున్నాడు. ఇలాగే, నువ్వు తెరిచినట్టే, ఒడ్డున చేపలాగా. మా అమ్మ విశ్వాసమ్మ ‘ఊపిరుండాది, మా ఆయనకు ఊపిరుండాది’ అని గట్టుమీద ప్రార్థన మొదలుపెట్టింది, అందరం కళ్ళు మూసుకున్నాం, కళ్ళు తెరిచేసరికి ఆ నోరు ఆగిపోయింది. అప్పుడు రొమ్ముమీద నొక్కాలని ఆ చేలో ఎవరికీ తెలియదు. రొమ్ముమీద మట్టి ఉంది. ఇన్నేళ్ళు నేను కరెంటును తిట్టుకున్నాను. ఇప్పుడు ఈ టమోటాల మీద మోకాళ్ళూని నొక్కుతుంటే తెలుస్తోంది, కరెంటు ఒక్కసారే కొట్టింది, మిగతాదంతా మేం చుట్టూ నిలబడి చేశాం.

చేతులు పడిపోతున్నాయి. భుజాల్లో సీసం పోసినట్టుంది. లోతు తగ్గుతోంది, నాకే తెలుస్తోంది, నేను నొక్కడంలేదు, ఊరికే తడుముతున్నాను. ఇంకా ఎన్నిసార్లు. ఏసేపూ. పేరు పెట్టి పిలిచాను, పెళ్ళయినకాడినుంచి ఎప్పుడూ పిలవని పేరు, నలుగురిలో, గొంతు పగిలేలా పిలిచాను, అయినా నువ్వు కోప్పడలేదు. మన పెళ్ళిలో అయ్యగారు ‘పెండ్లికుమార్తె చెయ్యి పట్టుకో’ అంటే నువ్వు నా మణికట్టు పట్టుకున్నావు. అయ్యగారు నవ్వాపుకోలేక ‘చెయ్యప్పా, చెయ్యి పట్టుకోమంటే మణికట్టు పట్టుకుంటివేంది, దొంగను పట్టుకున్నట్టు’ అన్నాడు. నువ్వు తల గోక్కుని ‘అరచెయ్యి చెమటకు జారుతుంది అయ్యగారూ, బరువెత్తేటప్పుడు మేము ఇట్లనే పట్టుకుంటాం, ఇది జారదు’ అన్నావు. చర్చి అంతా గొల్లుమంది. నువ్వూ మద్దిలేటీ పెద్ద మూట లేపేటప్పుడు చూశాను తర్వాత, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని దానికింద మూట పెట్టి లేపుతారు, ప్రాణం పోయినా ఆ పట్టు ఊడదు అంటారు. ప్రాణం పోయినా. ఆ మాట ఎవరన్నారసలు. వద్దు. కడపలో హాస్టల్లో మన బిడ్డ ఆరాధన ఇప్పుడు టిఫినుకు వరసలో నిలబడి ఉంటుంది. దానికి ఫోను చేసి నేనేం చెప్పాలి. చెప్పను. చెయ్యను ఫోను. నొక్కుతాను.

‘జరుగు మహిమా, నేను పడతా’ అని మద్దిలేటి నాకెదురుగా కూలబడ్డాడు, ఏడుస్తూనే. వీడి చేతులు తాళం కొట్టీ కొట్టీ తోలు లేచిపోయాయి. ఒక రోట్లో ఇద్దరు దంచేటప్పుడు ఒక రోకలి లేస్తుండగా ఇంకోటి దిగుతుంది చూడు, అట్లా, సందు లేకుండా, నేను చెయ్యి తీసీ తియ్యకముందే వాడు వేశాడు. ‘గట్టిగా మద్దిలేటన్నా, ఇంకా లోపలికి.’ ‘ఎముక ఇరుగుతాదేమోమే!’ ‘ఇరగనీ!’ నేను పక్కకు ఒరిగాను. నా చేతులు గాలిలో వాటంతటవే ఇంకా కదులుతున్నాయి. అప్పుడే రామకోటయ్య శెట్టి ఫోన్లోంచి ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గొంతు, స్పీకర్లో, మార్కెట్టంతా వినపడేలా, ‘దేవుని పటం ఎనకాల యాడుండాదండీ? ఆయుధపూజ నాడు మీ గుత్తిలోనే ఏసిస్తినే! మీ మొలకుండే గుత్తిలోనే!’ శెట్టి మొల తడుముకున్నాడు. ఎడమవైపు, కుడివైపు. పంచె విదిలించాడు. ‘గుత్తి యాడప్పా? నా గుత్తి యాడ? ఇప్పుడే గదా ఈడ...’ గల్లా దగ్గరికి ఒకడు, లారీ దగ్గరికి ఒకడు ఉరికారు. క్రేట్లు బోర్లించారు. నేను నొక్కడంలేదు. నా గాజులు కదలడంలేదు. గల్లు. మద్దిలేటి దిగాడు. గల్లు. మద్దిలేటి లేచాడు. గల్లు. ఎద్దులెక్కడివి ఇక్కడ. ఈ చప్పుడు నా గాజులది కాదు. నీ కుడిచెయ్యి టమోటా గుజ్జులో పడి ఉంది, తువ్వాలు కట్టిన పిడికిలి, వాడు నొక్కిన ప్రతిసారీ ఉలిక్కిపడి, గల్లుమని. ఇంతసేపూ నువ్వే చెప్తున్నావు. ఇదిగోమే, నా చేతిలో ఉండాది, ఇదిగో, ఇదిగో, అని నొక్కినప్పుడల్లా చెప్తున్నావు, నేనేమో నాయన చేలో ఎద్దుల వెంట తిరుగుతున్నాను.

పళ్ళతో పీకాను ఆ ముడి. శెట్టి చేతి ముడి, తడిసి బిగుసుకుంది, నోరంతా టమోటా పులుపూ బురదా. నీ వేళ్ళలోంచి గుత్తి తీసుకోవడానికి ఏమీ కష్టపడలేదు, నువ్వు అసలు పట్టుకోనే లేదు. ఎవరికి విసిరానో తెలియదు. ‘ఇది కాదు, దీని పక్కది, కాదు, ఇంగోటి.’ తెరుచుకున్న చప్పుడు. పసుపు మరకతో, ఎండు బంతిరేకులు రాలుస్తూ, పెట్టె తలలమీదుగా చేతులు మారి వచ్చింది. ఒక్కసారి మూత లేపాను. లేపగానే మాట్లాడింది. సుప్రజ అబద్ధం చెప్పలేదు. కానీ ఇంగ్లీషులో మాట్లాడింది. ఎంత నెమ్మదైన గొంతు, ఎవరింట్లోనూ ఏమీ జరగనట్టు. ‘గమ్మునుండండప్పా! అది ఏమో చెప్తాంది, ఇననీయండి!’ అని శెట్టి అరిచాడు, డెబ్బై ఏళ్ళ గొంతు చీలిపోయేలా. మార్కెట్టు నోరు మూసింది. వేలంపాట లేదు, లారీ ఇంజను లేదు. చొక్కా తీసెయ్యండి, అంటోంది. చించాను. రెండు పట్టీలు, వాటిమీద బొమ్మలు, ఎక్కడ అతికించాలో గీసి ఉంది, ఒకటి కుడి భుజం ఎముక కింద, ఒకటి ఎడమ చంక కింద. బొమ్మ తెలుగులోనే ఉంది, బొమ్మకు భాషేముంది. కానీ నీ ఒళ్ళంతా చెమట, గుజ్జు, అతుక్కోవడంలేదు. ఆ, ఇదీ, నువ్వు జోకు వేసేటప్పుడు ఆ అమ్మాయి చెప్పింది ఇదే అయ్యుండాలి, తుడవమని. కొంగుతో తుడిచాను, రుద్ది రుద్ది తుడిచాను, మద్దిలేటి నా చేతుల మధ్యలోంచే నొక్కుతూనే ఉన్నాడు. అతికింది. రెండోదీ అతికింది. పెట్టె ఆగింది. డోంట్ టచ్, అంది. రోగిని ముట్టుకోవద్దు, పరీక్ష చేస్తున్నాను. ‘మద్దిలేటన్నా, చెయ్యి తీ.’ వాడు తీశాడు. నేను తియ్యాలి, నా చెయ్యి నీ కడుపుమీద ఉంది. ముట్టుకోవద్దు పాపా. తీశాను. ఎవరూ నొక్కడంలేదు. నిన్ను ఎవరూ పట్టుకుని లేరు. ఆ కాస్తసేపు నువ్వు పూర్తిగా చచ్చిపోయి ఉన్నావు, నేను చూశాను.

షాక్ అడ్వైజ్డ్, అంది. నారింజరంగు గుండీ మిణుకుమిణుకుమంటోంది, దాన్ని నొక్కమంటోంది. ‘ఏమంటాంది మే?’ ‘కరెంటు పెట్టాలంటాంది.’ ఆ మాట అన్నానో లేదో గుంపు కదిలింది. ‘కరెంటా? ఇంతో అంతో గురక పెట్టే మనిషికి కరెంటు పెట్టి సంపుతావా?’ అని టమోటాలేరే ముసలామె నా జబ్బ పట్టుకుంది. ‘వద్దమ్మా మహిమా, అంబులెన్సోళ్ళు వస్తాండారు, వాళ్ళే పెట్టుకుంటారు, మనకేల, ఏమన్నా అయితే కేసవుతాది తల్లీ, నీ మీదికే వస్తాది’ అని శెట్టి చేతులు జోడించాడు, నాకు, రామకోటయ్య శెట్టి నాకు. నిజమే. ఈ ఊళ్ళో కరెంటు పెడితే బతికినవాణ్ణి ఎవరూ చూడలేదు, పోయినవాళ్ళ పేర్లు మాత్రం ప్రతి బోరు దగ్గరా ఉన్నాయి. నా వేలు గుండీ మీద ఉంది. గుండీ ఎంత చిన్నది. స్టార్టరు డబ్బా గుండీ కూడా ఇంతే ఉంటుంది, పచ్చదొకటి, ఎర్రదొకటి. నాయనా. ఈసారి ఆ గుండీ నేను నొక్కాలంట నాయనా, నొక్కితే నేను చంపినదాన్నవుతానా, నొక్కకపోతే ప్రార్థన చేసుకుంటూ చంపినదాన్నవుతానా. గుండె ఆగినవాణ్ణి ఇంతకంటే ఏం చంపుతారు మీరు. లోపల అందరూ నవ్వారు. నువ్వు నా చెవిలో ఉన్నావు, వెచ్చగా, లవంగాలు లేని నోటితో. ‘అందరూ దూరం జరగండి! ఎవురూ ముట్టుకోవద్దు!’ ఆ అరిచింది నేనే, పక్క చేనాయన గొంతుతో. కళ్ళు మూసుకోలేదు. నొక్కాను.

నువ్వు ఎగిరిపడ్డావు. మా నాయన డబ్బాను పట్టుకుని వణికినట్టు కాదు, ఒక్కసారే, నిద్రలో మెట్టు తప్పినట్టు. పడ్డావు. అంతే. ఏమీ లేదు. కళ్ళు అట్లాగే ఉన్నాయి. ‘సంపేసెనమ్మో’ అని ముసలామె శోకం ఎత్తుకుంది. పెట్టె మాట్లాడింది, అదే నెమ్మదితో. ఇట్ ఈజ్ సేఫ్ టు టచ్ ద పేషెంట్. ఇప్పుడు ముట్టుకోవచ్చు, అంటోంది. నొక్కడం మొదలుపెట్టు, అంటోంది. మద్దిలేటీ, రా, నీ వంతు. వాడు రాలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు. ‘ఒంట్లో కరెంటుంటాది మహిమా, ముట్టుకోవద్దు, ఒక్క గడియ ఆగు, భూమి లాక్కోనీ.’ చుట్టూ చూశాను. గుండ్రంగా నిలబడ్డారు, కొట్టీ కొట్టీ చేతులు పగిలినవాళ్ళు, నీళ్ళు తెచ్చినవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, అందరూ మంచివాళ్ళే, ఒక్క అడుగు ముందుకు వేసేవాడు లేడు. ఆ రోజు కూడా అందరూ మంచివాళ్ళే. ముట్టుకోవచ్చు అని ఆ చేలో ఎవరూ చెప్పలేదు. ఒక్కరు, ఒక్క పెట్టె, ఏ భాషలోనైనా సరే చెప్పి ఉంటే నేను గట్టు దిగి ఆ మట్టి తవ్వి ఉండేదాన్ని. పడ్డాను నీమీద. అరచేతులు రొమ్ముమీద వేశాను. ఏ కరెంటూ లేదు. చల్లగా, తడిగా, నువ్వే ఉన్నావు. నొక్కాను. ‘సూడు మద్దిలేటన్నా, నాకేమీ కాలే, సూడు!’ నొక్కాను. చేతుల్లో బలం ఎప్పుడో అయిపోయింది, నడుంతో నొక్కాను, పళ్ళతో నొక్కాను. ఎక్కడో లోపల ఎముక పుటుక్కుమంది. మన్నించు. నొక్కాను. ఏసేపూ. నా చెంపమీంచి చెమటో కన్నీళ్ళో నీ మీద పడుతున్నాయి, గల్లుమనే చప్పుడు లేదు ఇప్పుడు, పిడికిలి ఖాళీ, ఎక్కడున్నావో చెప్పడానికి నీ దగ్గర ఏమీ లేదు, నేనే వెతుక్కోవాలి, నొక్కి నొక్కి వెతుక్కోవాలి. ఎదురుగా ఎవరో మోకాళ్ళమీద కూలబడ్డారు. మద్దిలేటి అనుకున్నాను. తెల్ల పంచె. రామకోటయ్య శెట్టి. ‘నాకు నేర్పు తల్లీ, యాడ పెట్టాల చెయ్యి’ అంటున్నాడు. ఆయన వెనక మద్దిలేటి లేచి వస్తున్నాడు. సైరను వినపడుతోంది, లారీలు దారి ఇవ్వడంలేదు, ఇంత దూరంలోనే ఆగి అరుస్తోంది. ఎవరికీ నా చోటు ఇవ్వను. నొక్కు. నొక్కు.

అంబులెన్సులోంచి ఎవరో కుర్రవాడు, ఖాకీ చొక్కా, చేతికి తొడుగులు, నా పక్కన వంగాడు. నీ మెడ పక్కన వేళ్ళు పెట్టాడు. ‘అమ్మా, ఆపండి.’ ఆపను. ఆపమన్నవాళ్ళ మాట విన్నాను ఒకసారి. ‘అమ్మా, చాలు, నాడి దొరికింది, ఊపిరి తీసుకుంటున్నాడు, మాస్కు పెట్టాలి, చెయ్యి తియ్యండి.’ వినపడుతోంది, అర్థం కావడంలేదు. నాడి అంటే ఏమిటి, దొరకడమంటే ఏమిటి. చేపనోరేమో చూడు నాయనా, మోసపోవద్దు, అది ఊపిరి కాదేమో చూడు. ‘అమ్మా, చెయ్యి తియ్యమంటున్నాను గదా!’ తీద్దామనే చూశాను. రాలేదు. చెయ్యి మొద్దుబారిందనుకున్నాను, నీ రొమ్ముకు అతుక్కుపోయిందనుకున్నాను, లాగాను, అయినా రాలేదు. కిందికి చూశాను. నా గాజుల పైన, మట్టీ టమోటా గుజ్జూ పట్టిన వేళ్ళు. ఇనుము పెడితే నిలవని వేళ్ళు. మణికట్టు దగ్గర.

‘నేను కాదు నాయనా’ అన్నాను ఆ కుర్రవాడితో. ‘పట్టుకున్నది ఆయన.’